ఇన్‌స్టాగ్రామ్‌కి ముందు మన ఫొటో స్టూడియో: కోనసీమ పేజీ నడిపే విద్యార్థికి జవాబు

అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “కోనసీమ ఫొటోలతో ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతున్నానండి. ఇన్‌స్టాగ్రామ్‌ని కళాచరిత్ర కోణంలో చూస్తూ కాలేజీ సెమినార్‌లో మాట్లాడాలి. ఎక్కడ వెతికినా ‘ఒకప్పటి ఆయిల్ పెయింటింగే ఇప్పటి ఇన్‌స్టాగ్రామ్, రెండూ గొప్పలు చూపించుకోవడానికే’ అంటున్నారు. మా మేడమేమో అసలు ఇది కళే కాదు పొమ్మన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?”

కళా, కాదా అన్న తగువు పెట్టుకోకండి. దాంతో మొదలుపెడితే మీకిచ్చిన టైమంతా వాదనకే సరిపోతుంది, ఒక్క ఫొటో కూడా తీరిగ్గా చూడరు. కళాచరిత్రలో మేం ద్రాక్షారామం గుడి స్తంభాన్నీ చూస్తాం, అగ్గిపెట్టె మీది బొమ్మనీ చూస్తాం. ఎవరు చేయించారు, డబ్బెవరిది, ఎక్కడ పెట్టారు, ఎవరి కంట పడాలని పెట్టారు, ఎవరిని బొమ్మలోకి రానివ్వలేదు అని అడుగుతాం. ఆ బొమ్మ గొప్పదా కాదా అన్నది తర్వాత తేలుతుంది. తేలకపోయినా కొంపలేం మునగవు.

నా గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. ఫైన్ ఆర్ట్స్ పిల్లలకు చాలా ఏళ్లు కళాచరిత్ర చెప్పాను. అంతకుముందు, పాలకొల్లు వైపు మా పెదనాన్నగారికి ఫొటో స్టూడియో ఉండేది. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి. అందుకే నా చూపు స్టూడియో వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది. అది మనసులో పెట్టుకుని చదవండి.

మీకు దొరికిన ఆయిల్ పెయింటింగ్ పోలిక సగం దూరం బాగానే నడుస్తుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన దంపతుల చిత్రం ఒకటి ఉంది. గది చిన్నదే. అందులో సరుకు చూడండి: ఇత్తడి దీపాల గుత్తి, ఎర్ర గుడ్డలు కట్టిన మంచం, బొచ్చు అంచు కుట్టిన దుస్తులు, కిటికీ దగ్గర నారింజ పండ్లు. ఆ చలిదేశంలో నారింజలంటే ఓడలో దిగిన సరుకు. వెనక గోడకి అద్దం, దాని పైన చిత్రకారుడు లాటిన్‌లో రాసుకున్నాడు: యాన్ వాన్ ఐక్ ఇక్కడ ఉన్నాడు, 1434 అని. లొకేషన్ ట్యాగ్ పెట్టి పోస్టు చేయడానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు.

ఇలా ‘నేనూ ఇక్కడ ఉన్నాను’ అని చెప్పుకోవడం యూరప్ సొత్తేమీ కాదు. తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. రాయలు ఏ యుద్ధంలో ఉన్నా స్వామి ఎదుట ఉన్నట్టే లెక్క. అంతర్వేది తీర్థంలో రథం ముందు సెల్ఫీ దిగేవాళ్లని వెక్కిరించేవాళ్లు ఆ విగ్రహాల ముందు మాత్రం భక్తిగా దణ్ణం పెట్టుకుంటారు.

తిండి ఫొటోల సంగతికొస్తే మీ పేజీలోనే కావలసినంత సరుకు ఉంటుంది. వరదనీరు ఎర్రగా వచ్చే నెలల్లో పులస గోదావరికి ఎదురీదుతుంది కదా, ఆ రోజుల్లో ఫీడ్ అంతా అదే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత కాప్షన్‌లో ఉంటుంది. చేపని రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకుని ఒక ఫొటో, ఎంత పెట్టి కొన్నారో ఒక అంకె, తర్వాత మట్టిదాకలో పులుసు, పైన తేలుతున్న బెండకాయలు. తింటున్న ఫొటో మాత్రం దాదాపుగా కనబడదు. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు విలెం కాల్ఫ్ బల్లమీది బొమ్మలు తీసి దీని పక్కన పెట్టండి. వెండి పళ్లెం, చైనా పింగాణీ గిన్నె, సగం తొక్క తీసిన నిమ్మకాయ, ఆ తొక్క మెలికలు తిరిగి బల్ల అంచు దాటి వేలాడుతూ ఉంటుంది. అక్కడా ఎవరూ తినరు. తినడానికి ముందు క్షణాన్ని పట్టి అలా ఆపేశారు, ఎందుకంటే తినేస్తే చూపించడానికేం మిగలదు. అన్నట్టు ఆ పింగాణీ తెచ్చిన డచ్చి కంపెనీ మన డెల్టాకి కొత్తది కాదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో వాళ్ల బట్టల వ్యాపారం సాగింది. ఆ బొమ్మలు తగిలించుకున్న ఊళ్లకి మన తీరపు అద్దకం బట్టలు ఓడల్లో వెళ్లాయి. సెమినార్‌లో ఈ మాట చెబితే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

ఇక్కడిదాకా పోలిక సరే. ఇక్కణ్ణుంచే తేడా కొడుతుంది. ఆయిల్ పెయింటింగ్ అంటే ఉన్నవాడు తనకున్నది వేయించుకోవడం అని అందరూ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో జనం చూపించేది చాలామటుకు తమది కాదు. దిండిలో హౌస్‌బోటు కొన్ని గంటలకు అద్దెకి తీసుకున్నది. ఆనుకుని నిలబడ్డ కారు ఎవరిదో. రిసార్టు గదిలో తెల్ల దుప్పటి మర్నాడు ఇంకొకరి ఫొటోలో ఉంటుంది. కాల్ఫ్ బొమ్మల్లో కూడా ఒకే రకం గిన్నె మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, బొమ్మ కొన్న ఇంట్లో అలాంటి గిన్నె ఉండాలని రూలేం లేదు. అంటే అక్కడే ఒక పగులు ఉంది. ఆ పగుల్లోంచి చూస్తే మనకి కనబడేది సంపన్నుడి హాలు కాదు, ఫొటో స్టూడియో.

1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫరు ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే ప్లేటు మీద ఎనిమిది దాకా చిన్న ఫొటోలు తీసి, కత్తిరించి, విజిటింగ్ కార్డంత అట్టల మీద అంటించడం. ధర పడిపోయింది. 1860ల్లో యూరప్‌లో ఈ కార్డుల పిచ్చి పట్టుకుంది. జనం ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు, ఆల్బంలో పెట్టుకునేవాళ్లు, ఇంట్లోవాళ్ల ఫొటోల పక్కనే విక్టోరియా రాణి కార్డూ నాటకాల నటి కార్డూ కొని చేర్చేవాళ్లు. వచ్చినవాళ్లు ఆ ఆల్బం తిరగేసేవాళ్లు. స్టూడియోలో అందరికీ అదే స్తంభం, అదే తెర, అదే కుర్చీ. గుమస్తా కూడా ఆ స్తంభానికి మోచెయ్యి ఆనిస్తే దొరలా కనబడేవాడు. ఫాలో అవడం, ఫాలో చేయించుకోవడం, అందరూ ఒకే చోట ఒకే పోజులో ఉండటం, అన్నీ అందులో ఉన్నాయి. దీన్ని వదిలేసి నేరుగా వాన్ ఐక్ దగ్గరికి పరిగెత్తడం నాకు సరిగ్గా అనిపించదు.

మా పెదనాన్నగారి స్టూడియోలో వెనక తెర మీద ఒక సరస్సు, పాలరాతి మెట్లు, రెండు హంసలు ఉండేవి. చుట్టూ ఎటు చూసినా కాలవలూ కొబ్బరిచెట్లూ ఉన్న ఊళ్లో జనం డబ్బులిచ్చి మరీ ఆ లేని సరస్సు ముందు నిలబడేవాళ్లు. తెర పక్కన మేకుకి ఒక కోటు. అది ఒకటే సైజు. సన్నగా ఉన్నవాళ్లకి వెనక నుంచి క్లిప్పులు పెట్టి బిగించేవారు, ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించినట్టే ఉండేది. లైను లేని టెలిఫోను ఒకటి, ప్లాస్టిక్ పూల కుండీ ఒకటి. గుమ్మం పక్కన అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. పౌడరు అందరికీ ఫ్రీ.

అసలు పని ఫొటో తీశాక ఉండేది. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల, దానికి అద్దం బిగించి వెనక నుంచి వెలుతురు పడేలా చేసేవారు. నెగెటివ్‌ని దాని మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా పూసేవారు. మొహం మీద మచ్చ నెగెటివ్‌లో పల్చగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో ఆ చోటు తెల్లబడి మచ్చ మాయమవుతుంది. అమ్మవారు పోసిన మచ్చలున్న మొహమైతే పూటంతా పట్టేది. తర్వాత అడిగినవాళ్లకి ప్రింటు మీద బుగ్గలకీ పెదాలకీ చీర అంచుకీ కుంచెతో రంగు. పెళ్లికూతురి ఫొటో అలా తయారై పోస్టులో వెళ్లేది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ‘ఫొటోలో వేరేగా ఉందే’ అని గొణిగిన సందర్భాలకి లెక్కేలేదు. బ్యూటీ ఫిల్టరు మీద ఇవాళ వింటున్న ఫిర్యాదు ఇదే.

దీన్నంతా ‘గొప్పలు చూపించుకోవడం’ అని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోటు వేసుకున్నవాళ్లలో కూలికి వెళ్లేవాళ్లున్నారు, జీవితంలో ఒక్క ఫొటోనే దిగినవాళ్లున్నారు. చాలా ఇళ్లలో ఇవాళ దండ వేసి ఉన్నది ఆ ఫొటోకే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నలుగురిలో తాము ఎలా కనబడాలనుకుంటున్నారో చెప్పారు. అలాంటి ఫొటోలు ఇప్పటికీ వస్తున్నాయి. మన డెల్టా ఊళ్ల నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు పెట్టే ఫొటోలు ఎప్పుడైనా ఆగి చూడండి. షాపింగ్ మాల్లో ఫౌంటెన్, వెనక మెరిసే మెట్లు, చేతిలో బ్యాగు. పనిచేసే ఇల్లు మాత్రం ఉండదు. సరస్సూ పాలరాతి మెట్లూ ఉన్న ఆ తెర ఇక్కడ మాల్ రూపంలో ఉంది. ఆ ఫొటో వేల మందికి కాదు, ఊళ్లో ఉన్న అమ్మకీ పిల్లలకీ, ఇంకా వెళ్లేటప్పుడు వెనక మాట్లాడుకున్న నలుగురికీ. ఎవరి కంట పడాలని పెట్టారన్న ప్రశ్న ఇలాంటి చోటే బాగా పనిచేస్తుంది.

పోజుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఇది మీరు సొంతంగా తవ్వుకోగలిగేది. వంగిన కొబ్బరిచెట్టుకి ఆనుకుని, ఒక చెయ్యి పైకెత్తి మట్ట పట్టుకుని, నడుము ఒక పక్కకి వంచి నిలబడ్డ అమ్మాయి ఫొటో మీ పేజీలో ఖాయంగా ఉంటుంది. సాంచీ తోరణం మీది సాలభంజిక రెండు వేల ఏళ్ల కిందటే అలాగే నిలబడింది, చెట్టు మాత్రం వేరు. అద్దంలో తనని తాను చూసుకునే దర్పణసుందరి బేలూరు చెన్నకేశవాలయం బయట 12వ శతాబ్దం నుంచీ ఉంది, మిర్రర్ సెల్ఫీకి అమ్మమ్మ అనుకోండి. ఈ పిల్లలు సాంచీ చూసి నేర్చుకున్నారా అంటే లేదు. పోజులు చేతులు మారుతూ వస్తాయి. మన దగ్గరైతే మధ్యలో బాపు ఉన్నారు. నరసాపురంలో 1933లో పుట్టిన ఆయన గీసిన వాలుజడ, ఓరచూపు ఎంతగా అలవాటయ్యాయంటే, లంగావోణీ కట్టుకున్న అమ్మాయికి ఫొటోగ్రాఫరు ‘బాపు బొమ్మలా చూడమ్మా’ అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు.

ఇప్పుడు మీ పేజీ అసలు సరుకు, అంటే ప్రకృతి దృశ్యం. ఇక్కడ మీతో కాస్త కటువుగానే మాట్లాడతాను.

18వ శతాబ్దపు ఇంగ్లండులో విహారానికి వెళ్లేవాళ్ల దగ్గర క్లాడ్ గ్లాస్ అని ఒక వస్తువు ఉండేది. కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండే నల్లటి చిన్న అద్దం, పుస్తకంలా మూసుకునే డబ్బీలో. మంచి దృశ్యం కనబడగానే దానికి వీపు తిప్పి నిలబడి, అద్దం ఎత్తి అందులో చూసేవాళ్లు. కొండలూ చెరువూ చిన్నవై ఒక చట్రంలో ఇమిడిపోయి, రంగులు మాగిపోయి, 17వ శతాబ్దపు చిత్రకారుడు క్లాడ్ లొరేన్ వేసిన ఇటలీ దృశ్యంలా కనిపించేవి. థామస్ గ్రే అనే కవి 1769లో ఇలా అద్దం పట్టుకుని నడుస్తూ వెల్లకిలా పడి, వేళ్ల కణుపులు చెక్కుకుపోయిన సంగతి తన యాత్రా లేఖల్లో తనే రాసుకున్నాడు. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో వచ్చినప్పుడు ఇచ్చిన ఫిల్టర్లు చేసిన పనీ ఇదే, నిన్నటి ఫొటోకి పాత ఫిల్మ్ రంగు పూయడం. సెల్ఫీ కోసం దృశ్యానికి వీపు తిప్పడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంగ్లీషు విహారులకి ఊరి చెరువు ఇటలీలా ఉంటేనే అందం. మనవాళ్లకి కోనసీమ కేరళలా ఉంటేనే అందం. ‘మన ఆంధ్రా కేరళ’ అన్న కాప్షన్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సముద్రానికి దగ్గరగా, నదీపాయల మధ్య, కాలవల మీద నిలబడిన ఈ నేలకి సొంత రూపం ఉంది. పైగా మీరు ‘ప్రకృతి’ అని హ్యాష్‌ట్యాగ్ పెడుతున్న ఆ పచ్చదనంలో చాలాభాగం మనుషులు తవ్వి తెచ్చుకున్నది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు ఈ జిల్లా కరువులతోనూ వరదలతోనూ అల్లాడింది. కాటన్ కాలవలు లేకపోతే మీ డ్రోన్ షాట్‌లో ఆ నలుచదరపు పచ్చ మడులు లేవు.

నేషనల్ గ్యాలరీలోనే ఇంకో చిత్రం ఉంది. గెయిన్స్‌బరో సుమారు 1750లో వేసిన ఆండ్రూస్ దంపతులు. ఎడమ పక్క చెట్టు కింద బెంచీ మీద నీలం గౌనులో ఆవిడ, పక్కన తుపాకీ చంకలో పెట్టుకుని ఆయన, కాళ్ల దగ్గర కుక్క. కుడి పక్కంతా వాళ్ల పొలం. కోత అయిపోయింది, పనలు కట్టి నిలబెట్టారు, మోళ్లు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. ఆవిడ ఒళ్లో ఒక చోట రంగు వేయకుండా వదిలేశారు, అక్కడేం రావాలో నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను పిల్లల్ని అడిగే ప్రశ్న వేరే: కోసినవాళ్లు ఎక్కడ? అంత చేను కోసి, కట్టి, నిలబెట్టిన మనుషుల్లో ఒక్కడు కూడా బొమ్మలో లేడు.

ఇప్పుడు కోనసీమలో తీసే ప్రీ వెడ్డింగ్ షూట్ ఒకటి తెరవండి. పొలం గట్టు, పంచెకట్టులో అబ్బాయి, లంగావోణీలో అమ్మాయి, పైనుంచి డ్రోన్. చుట్టూ ఊడ్చిన చేను, మొక్క మొక్కకీ మధ్య ఒకే దూరం. ఊడ్చినవాళ్లు ఎక్కడ? ఒక్కోసారి వాళ్లు పక్క మడిలోనే ఉంటారు, ఫ్రేములో పడకుండా కెమెరా జరుగుతుంది. ఆండ్రూస్ గారిది కనీసం సొంత పొలం. ఇక్కడ చేను ఒకరిది, కౌలు ఇంకొకరిది, ఫొటో మూడో వాళ్లది. ఊడ్పు కూలీలు ఫొటోలోకి వచ్చినా సూర్యాస్తమయం ముందు నల్లటి నీడల్లాగే వస్తారు, మొహం ఉండదు. చేను ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కావట్లేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడుగా వదిలేశారు. అలాంటి ఏడాది మీ పేజీలో ఎలా కనబడేది? భీమవరం వైపు మైళ్ల కొద్దీ రొయ్యల చెరువులూ, వాటిలో నురగ చిమ్ముతూ తిరిగే ఏరేటర్లూ డెల్టా ముఖాన్నే మార్చేశాయి. ఈ నేల గురించి చెప్పుకునే పేజీల్లో వాటికి చోటు లేదు, ఎందుకంటే అవి ‘దృశ్యం’ కిందకి రావు. ఏది దృశ్యం అన్నది ఎవరో ఎప్పుడో నిర్ణయించేశారు. దాన్ని పట్టుకోవడమే మీ సెమినార్‌కి అసలు పని.

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒక పూట వెళ్లండి. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చి, 1925లో ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆయన్ని ఆ దారి పట్టించినవాడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. ఈ ప్రాంతపు మనుషుల్ని, ఒంటి రంగుని, చీర కట్టుని రామారావు ఎలా చూశారో గమనించండి. తర్వాత మీ ఫోన్లో స్కిన్ టోన్ స్లైడర్ ఎటు జరుపుతున్నారో గమనించండి.

ఇంతవరకూ పాతదే కొత్త వేషంలో వచ్చిందన్నట్టు మాట్లాడాను. నిజంగా కొత్తది ఒకటుంది, అది బొమ్మలో లేదు, వేలాడదీసే చోట ఉంది. 19వ శతాబ్దపు పారిస్ సలోన్ ప్రదర్శనలో గోడలు నేల నుంచి కప్పు దాకా బొమ్మలతో నిండిపోయేవి. కంటికి ఎదురుగా చోటు దొరికినవాడికి పేరు, కప్పు దగ్గర తగిలించినవాడికి మిగిలేది మెడ నొప్పెట్టిన ప్రేక్షకులు. అందుకని దూరం నుంచి కళ్లు లాగేలా పెద్ద సైజులో, నాటకీయమైన విషయాలతో వేసేవాళ్లు. 1863లో, ఏ బొమ్మలు పెట్టాలో తేల్చే జ్యూరీ చాలా ఎక్కువ బొమ్మల్ని తిప్పికొట్టింది. గొడవైతే మూడో నెపోలియన్ ఆ తిరస్కరించినవాటికి విడిగా ప్రదర్శన పెట్టించాడు. మానే అనే చిత్రకారుడి బొమ్మ చూసి జనం నవ్వుకున్నది అక్కడే. ఆ జ్యూరీ మనుషులు ఎవరో తెలుసు, తిట్టొచ్చు, రాజు దగ్గర మొరపెట్టుకోవచ్చు.

ఇన్‌స్టాగ్రామ్‌లో 2016 దాకా ఎవరు చివరగా పెడితే వాళ్లది అన్నిటికన్నా పైన. తర్వాత వరస తేల్చే పని అల్గారిథమ్‌కి వెళ్లింది. మీరు ఏ ఫొటో దగ్గర ఎంతసేపు ఆగారో చూసి అది గోడ సర్దుతుంది. అంటే జ్యూరీలో మీ బొటనవేలు కూడా ఉంది, దానికి ఆ సంగతి తెలీదు. ఈ సలోన్‌లో ఇద్దరికి ఒకే గోడ కనబడదు. ఇది కళాచరిత్రలో ఇంతకుముందు లేని పరిస్థితి, దీనికి పాత పోలిక వెతకొద్దు. సైజులు కూడా ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మొదట్లో చతురస్రం తప్ప ఒప్పుకోలేదు, 2015లో వదిలారు. 2020లో టిక్‌టాక్ ఆగిపోయిన వెంటనే మన దేశంలో రీల్స్ తెచ్చారు, అంతా నిలువైపోయింది. 2025లో ప్రొఫైల్ గళ్లు కూడా నిలువుగా మార్చేసరికి, చతురస్రాలు లెక్క చూసుకుని పేర్చుకున్నవాళ్ల ముగ్గులన్నీ చెదిరిపోయాయి.

నిలువు తెర ఏం చేస్తుందో చూడాలంటే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, భుజాల మీద, చేలల్లోంచి, కాలవ దాటి వస్తాయి. రంగు గుడ్డలు, నెమలి పింఛాలు, గంటలు. ఏ ఊరి ప్రభ గొప్పదన్న పోటీ ఎప్పటినుంచో ఉంది, కాబట్టి చూపించుకోవడం ఫోను తెచ్చిన జబ్బేమీ కాదు. ఆ ప్రభ దూరం నుంచి చూడటానికి కట్టినది. ముందు డప్పులు వినపడతాయి, తర్వాత చేల మీద రంగు కనబడుతుంది, దగ్గరికొచ్చాక గానీ దాని బరువు తెలీదు, మోసేవాళ్ల మెడనరాలు చూస్తే తెలుస్తుంది. 2023 రిపబ్లిక్ డే కవాతుకి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వెళ్లినప్పుడు అది చేలల్లోంచి రోడ్డెక్కింది. రీల్‌లో అయితే డ్రోన్ నెత్తిమీంచి దిగుతుంది, ముప్ఫై సెకన్లలో అయిపోతుంది, డప్పుల స్థానంలో సినిమా పాట. బాగోలేదని కాదు, నేనూ లైకు కొట్టాను. కాకపోతే ఆ వస్తువు ఎవరి ఎత్తు నుంచి చూడాలని కట్టారో ఆ ఎత్తు పోయింది.

పని ఎలా చేయాలో చెబుతాను. హాంబర్గ్‌కి చెందిన ఆబి వార్‌బర్గ్ అనే పండితుడు 1920ల్లో నల్లగుడ్డ కప్పిన పెద్ద బోర్డుల మీద ఫొటోలు గుచ్చి పెట్టుకునేవాడు. గ్రీకు దేవత పక్కన రినైజాన్స్ చిత్రం, దాని పక్కన పేపర్ ప్రకటన, తపాలా బిళ్ల. ఒకే చేతి కదలిక ఎక్కడెక్కడ తేలుతుందో వెతకడానికి అలా జరుపుతూ పోయాడు. 1929లో పోయేనాటికి అది పూర్తి కాలేదు. మీరూ అదే చేయండి. మీ పేజీలోంచి కొన్ని ఫొటోలు ప్రింటు తీయించండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న స్టూడియో ఫొటోలు, పెళ్లి ఆల్బం, వీలైతే రవివర్మ ప్రెస్ లక్ష్మి పటం లాంటిది ఒకటి తీసుకోండి. ఆ ప్రెస్ 1894లో మొదలైంది, జనం ఆ పటాలకి జరీ, తళుకులు అతికించి సొంతం చేసుకునేవాళ్లు, ఇప్పటి స్టిక్కర్లలాగా. అన్నీ నేల మీద పరిచి జరపండి. ఏది ఏ పక్కన చేరుతోందో కాప్షన్లు చదవకుండా చూడండి. ఇతరుల మొహాలున్న ఫొటోలు తెర మీద వేసే ముందు వాళ్లని అడగండి, ముఖ్యంగా గల్ఫ్ నుంచి వచ్చినవి.

టైము తక్కువ కాబట్టి వాన్ ఐక్‌ని వదిలేయండి, అందరూ ఆయన్నే తెస్తారు. ఆండ్రూస్ దంపతుల బొమ్మా, మీ పేజీలో ఎక్కువ లైకులొచ్చిన పొలం ఫొటో ఒకటీ, ఇంట్లో దొరికిన స్టూడియో ఫొటో ఒకటీ, ఈ మూడే చాలు. మూడింటినీ పక్కపక్కన వేసి, వెనక తెర ఎవరిదో, కోటు ఎవరిదో, కోసినవాళ్లు ఎక్కడున్నారో వరసగా అడగండి. మీ మేడంని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆవిడ కళా కాదా అని అడిగితే, స్టూడియో ఫొటో చూపించి ముందు దీని సంగతి చెప్పమనండి.